పాత ట్రాక్టరులో కూలెంట్ లీకును, పట్టేసిన ఇంజన్‌ను పరీక్షించడం: వరుస తప్పకుండా చేయవలసిన పని

రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతున్నాయి గాని కారే చోటు కనిపించడం లేదని ఒకరు అడుగుతారు. కొంతకాలం నిలిపి ఉంచిన ట్రాక్టరుకు సెల్ఫ్ కొడితే టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఆగిపోతున్నదని మరొకరు అడుగుతారు. ఇవి వేరువేరు ప్రశ్నల్లా కనిపించినా, చాలాసార్లు రెండోది మొదటిదానికి కొనసాగింపే. పట్టించుకోని చిన్న లీకు సిలిండరులోకి చేరి, అక్కడ నిలిచి, తుప్పుగా మారి ఇంజన్‌ను పట్టేస్తుంది. అందువల్ల రెండింటినీ ఒకే వరుసలో వివరిస్తున్నాను.

మీ ఇంజన్ తిరుగుతూ ఉంటే 1 నుంచి 4 వరకు ఉన్న భాగాలు సరిపోతాయి. తిరగకపోతే 1వ భాగం చదివి, 4వ భాగంలోని డ్రెయిన్ బోల్టు పరీక్ష చేసి, నేరుగా 5వ భాగానికి వెళ్లండి. ఈలోగా సెల్ఫ్ మాత్రం మరోసారి కొట్టవద్దు.

## 1. పనికి ముందు

ట్రాక్టరును చదునైన చోట నిలిపి, వెనుక చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాతే రేడియేటర్ మూత తీయాలి. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పితే, అప్పటిదాకా ఒత్తిడి వల్ల మరగకుండా ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

దగ్గర ఉంచుకోవలసినవి:

- మీ మోడల్‌కు చెందిన సర్వీసు పుస్తకం (బిగింపు కొలతలు, బోల్టుల వరుస దీనిలోనే ఉంటాయి)
- పానాలు, సాకెట్లు, టార్క్ రెంచి, క్రాంక్ పుల్లీ బోల్టుకు సరిపోయే పొడవాటి పిడి
- చేతితో కొట్టే కూలింగ్ ప్రెషర్ టెస్టర్
- టార్చి, చిన్న అద్దం. దొరికితే సన్నని వైరు కెమెరా
- శుభ్రమైన ట్రేలు రెండు, అట్టముక్కలు, సుద్దముక్క, పాత గుడ్డలు
- కళ్లద్దాలు, చేతి తొడుగులు

బయటికి తీసిన కూలెంట్‌ను (రేడియేటర్ ద్రవాన్ని) తెరిచిన పళ్లెంలో వదిలి వెళ్లకండి. అందులో కలిపే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కనుక జంతువులు తాగుతాయి, అది వాటికి ప్రాణాంతకం.

## 2. నీళ్లు నిజంగానే పోతున్నాయా?

పాత ట్రాక్టర్లు చాలావాటికి పక్కన రిజర్వు సీసా ఉండదు. రేడియేటర్‌ను మెడ దాకా నింపితే, నీరు వేడెక్కి వ్యాకోచించి, అదనంగా ఉన్నది ఓవర్‌ఫ్లో గొట్టం గుండా బయటికి పోతుంది. మరునాడు మట్టం తగ్గి కనిపిస్తుంది, మళ్లీ నింపుతారు, మళ్లీ పోతుంది. ఇది లీకు కాదు. లోపలి గొట్టాలు మునిగి, మెడకు కొన్ని సెంటీమీటర్ల కింద మట్టం ఉంటే చాలు. ఒక పుల్ల మీద గీత పెట్టుకుని, రోజూ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అదే గీతతో కొలవండి. మట్టం ఒక చోటుకు వచ్చి అక్కడే నిలిచిపోతే ఇక వెతకవలసింది ఏమీ లేదు.

తరువాత మూతను చూడండి. దాని మీద 4 లేదా 7 వంటి అంకె ఉంటే అది ఎన్ని పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిని ఆపగలదో చెబుతుంది. 7 పీఎస్‌ఐ ఒత్తిడి నీటి మరుగు స్థానాన్ని సుమారు 12 డిగ్రీల సెల్సియస్ పెంచుతుంది. మూతలోని రబ్బరు వాషరు గట్టిపడి పగిలితే ఆ లాభం పోతుంది, నీరు ముందే మరిగి బయటికి వస్తుంది. ఇంజన్ చల్లారాక పై హోస్ నొక్కుకుపోయినట్లు కనిపిస్తే, మూత మధ్యలో ఉండే చిన్న వాల్వు ఇరుక్కున్నదని అర్థం. మూత మార్చడం అన్నిటికన్నా చౌకైన మరమ్మతు కనుక దీనిని చూసిన తరువాతే ముందుకు వెళ్లాలి.

## 3. బయటి లీకులు

ముందు ఇంజన్‌ను కడిగి ఆరబెట్టండి. జిడ్డు, దుమ్ము పట్టిన ఇంజన్ మీద చెమ్మ ఎక్కడి నుంచి మొదలైందో తెలియదు.

రేడియేటర్ మెడకు ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద ఉన్న అంకె వరకే ఒత్తిడి ఎక్కించండి. అంతకు మించితే పాత రేడియేటర్‌లోని అతుకులు విడిపోతాయి, ఒక లీకు వెతకబోయి రెండు చేసుకుంటారు. పావుగంట ఆగి ముల్లు పడిందో లేదో చూడండి. ముల్లు పడిపోతూ, బయట ఎక్కడా చుక్క కనిపించకపోతే లీకు లోపలే ఉంది.

చుక్క పడిన చోటును కాకుండా, అక్కడి నుంచి పైకి, తడి మొదలయ్యే చోటు దాకా అద్దంతో వెతకాలి. నడుస్తున్న ఇంజన్‌లో ఫ్యాను గాలి చుక్కలను వెనక్కు కొడుతుంది కాబట్టి, ముందున్న రేడియేటర్ కారుతూ ఉంటే బ్లాకు పక్క తడిగా కనిపించడం మామూలే. ఎండిపోయిన లీకు తెల్లని లేదా రంగు పొడిగా చారలు కట్టి ఉంటుంది. తడి కన్నా ఈ చారలే నమ్మదగిన ఆనవాళ్లు.

చూడవలసిన చోట్లు:

- హోసులు, క్లాంపులు. హోస్‌ను వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి. కొన్ని క్లాంపులు ఇంజన్ చల్లబడినప్పుడు మాత్రమే కారతాయి కనుక రాత్రికి కింద అట్టముక్క పరచి, ఉదయం మచ్చ ఏ చోటికి సరిగ్గా కింద ఉన్నదో చూడండి.
- వాటర్ పంపు. పంపు అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ నీరు కారితే లోపలి సీలు పోయింది. ఆ రంధ్రాన్ని పేస్టుతో మూసివేసేవారిని చూశాను. అలా మూస్తే నీరు బేరింగులోకి పోయి, పంపు ఊగి, ఫ్యాను రెక్కలు వెళ్లి రేడియేటర్‌కు తగులుతాయి.
- కోర్ ప్లగ్గులు. బ్లాకు పక్కన గుండ్రటి కప్పుల్లా ఉండేవి ఇవే. మానిఫోల్డు వెనుక ఉన్నవి టార్చి లేనిదే కనిపించవు. స్క్రూడ్రైవరు పిడితో తట్టినప్పుడు మెత్తగా అనిపిస్తే లోపలి నుంచి తుప్పు తినేసింది.
- థర్మోస్టాట్ మూత గాస్కెట్, డ్రెయిన్ కుళాయిలు, రేడియేటర్ కింది ట్యాంకు అతుకు. వీటిని కంటితో చూస్తే చాలు.
- హెడ్ (సిలిండర్ల పై మూత), బ్లాకు కలిసే అంచు. ఇక్కడ చారలు కనిపిస్తే 4వ భాగం కూడా చేయాలి.

లీకును పూడ్చే పొడులను, ద్రవాలను నేను సిఫారసు చేయను. అవి సన్నని రంధ్రాలతో పాటు రేడియేటర్ గొట్టాలను కూడా పూడుస్తాయి.

## 4. లోపలి లీకులు

డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం ఎవరూ పోయకుండానే పెరిగితే అది మొదటి హెచ్చరిక. ఆయిల్ పాల నురుగులా తెల్లబడితే అది రెండోది. అయితే టప్పెట్ కవరు (వాల్వుల మీది మూత) లోపల, ఆయిల్ పోసే మూత కింద మాత్రమే తెల్లని గుజ్జు ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే భయపడవలసిన పని లేదు. ఇంజన్‌ను కొద్దిసేపే నడిపి ఆపుతూ ఉంటే గాలిలోని తేమ అక్కడ చేరి అలా అవుతుంది.

డ్రెయిన్ బోల్టు పరీక్ష. ట్రాక్టరును రాత్రంతా కదిలించకుండా ఉంచండి. ఆయిల్ నీటి కన్నా తేలిక కాబట్టి నీరు సంప్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగుకు చేరుతుంది. ఉదయం ఇంజన్ తిప్పకుండానే డ్రెయిన్ బోల్టును నెమ్మదిగా, చివరి మరల వరకు మాత్రమే వదులు చేసి, ట్రేలో మొదటి చుక్కలు పట్టండి. ముందుగా నీరు వచ్చి, ఆ వెనుక నల్లని ఆయిల్ దారగా దిగితే అనుమానం తీరిపోయినట్లే. ఖర్చు లేని ఈ పరీక్ష అరచెంచా నీటిని కూడా పట్టిస్తుంది. ఆయిల్‌తో బాగా కలిసిపోయిన నీరు ఇలా విడిపోకపోవచ్చు. అప్పుడు బాగా వేడెక్కిన ఇనుప రేకు మీద ఒక చుక్క ఆయిల్ వేయండి. చిటపటలాడితే అందులో నీరు ఉంది.

బుడగల పరీక్ష. చల్లని ఇంజన్‌కు ఫ్యాను బెల్టు తీసివేసి, రేడియేటర్‌ను మెడ దాకా నింపి, బ్యాటరీ తీగ తిరిగి కలిపి, మూత లేకుండా స్టార్టు చేసి ఒకటి రెండు నిమిషాలు మాత్రమే నడపండి. పంపు తిరగదు కాబట్టి నీరు నిశ్చలంగా ఉంటుంది. అయినా ఆగకుండా బుడగలు వస్తూ ఉంటే అవి సిలిండరులోని వాయువులు. ఇంజన్ మెల్లగా నడుస్తుండగా ఒక్కొక్క ఇంజెక్టర్ పైపు నట్టును వదులు చేసి చూస్తే, ఏ సిలిండరుకు డీజిల్ ఆపినప్పుడు బుడగలు తగ్గాయో, ఆ సిలిండరు వైపే వెతకాలి. ఆ నట్టు దగ్గర చేయి పెట్టకండి, ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దిగుతుంది.

ఈ ఆనవాళ్లను ఇలా చదవాలి:

- బుడగలు ఉన్నాయి, పై హోస్ స్టార్టు చేసిన వెంటనే గట్టిపడుతోంది: హెడ్ గాస్కెట్ పోయింది, లేదా హెడ్ పగిలింది.
- బుడగలు లేవు, ఇంజన్ బాగా నడుస్తోంది, నిలిపి ఉంచిన రోజుల్లో సంప్‌లోకి నీరు చేరుతోంది: తడి లైనర్లున్న ఇంజన్ అయితే (అంటే సిలిండరు గొట్టాల బయటి గోడకు నేరుగా కూలెంట్ తగిలేది అయితే) లైనర్ల అడుగున ఉండే ఓ-రింగులను (గుండ్రటి రబ్బరు సీళ్లను) అనుమానించాలి.
- ఉదయం స్టార్టు చేసినప్పుడు మాత్రమే తెల్లని పొగ కాసేపు వచ్చి, తీపి వాసన వేస్తోంది: రాత్రి ఏదో సిలిండరులోకి నీరు దిగింది.
- రేడియేటర్‌లో ఆయిల్ తేలుతోంది: ఆయిల్ కూలర్ ఉన్న ఇంజన్ అయితే ముందు దానినే చూడాలి. నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి నీటి ఒత్తిడి కన్నా చాలా ఎక్కువ కనుక ఆయిల్ నీటిలోకి పోతుంది, ఇంజన్ ఆగాక నీరు ఆయిల్‌లోకి వస్తుంది.

ఓ-రింగుల అనుమానాన్ని హెడ్ తీయకుండానే తేల్చుకోవచ్చు. ఆయిల్ తీసి, సంప్ దించి, కింద శుభ్రమైన అట్ట పరచి, ప్రెషర్ టెస్టర్‌తో ఒత్తిడి ఎక్కించి కింది నుంచి చూడండి. లైనరు బయటి వైపున, అది బ్లాకులో కూర్చునే చోట చుక్క దిగితే ఓ-రింగు పోయింది. లైనరు లోపలి గోడ మీదుగా జారితే లైనరుకు సూది రంధ్రం పడింది, లేదా పై నుంచి గాస్కెట్ కారుతోంది. నడిచే ఇంజన్‌లో లైనరు కంపించడం వల్ల దాని బయటి గోడ మీద సన్నని బుడగలు పుట్టి పగులుతూ ఇనుమును తొలుస్తాయి. చాలా ఏళ్లు ఉత్త నీటితో నడిపిన ఇంజన్లలో ఈ రంధ్రాలు ఎక్కువ.

ఒక జాగ్రత్త: చాలా ట్రాక్టర్లలో సంప్ పలుచని రేకు కాదు, బరువును మోసే పోత ఇనుప భాగం. ముందు ఇరుసు దానికే బిగించి ఉంటే, పుస్తకం చూడకుండా, ఇంజన్ కింద ఆధారం పెట్టకుండా ఒక్క బోల్టు కూడా విప్పకూడదు.

## 5. పట్టేసింది ఇంజనేనా?

ఒకసారి ఇంజన్ పట్టేసిందనుకుని సగం రోజు కష్టపడి హెడ్ విప్పాను. బోర్లు (సిలిండర్ల లోపలి గోడలు) అద్దంలా ఉన్నాయి. చివరికి సెల్ఫ్ మోటారు విప్పితే దాని పినియన్ (చిన్న గేరు) ఫ్లైవీల్ పళ్లలో ఇరుక్కుని ఉంది, అది బయటికి రాగానే ఇంజన్ చేతితో తిరిగింది. అప్పటి నుంచి ఈ వరుస తప్పలేదు:

- గేరు న్యూట్రల్‌లో ఉందా, పీటీవో (పనిముట్లను తిప్పే షాఫ్టు) విడిపోయి ఉందా, క్లచ్ తొక్కి ఉంచి తిప్పినా తిరగడం లేదా?
- సెల్ఫ్ మోటారు విప్పి తీశారా? ఫ్లైవీల్ పళ్లు బాగున్నాయా?
- ఫ్యాను బెల్టు తీసి డైనమోను, వాటర్ పంపును విడివిడిగా తిప్పి చూశారా?
- ఇంజన్ నుంచి నేరుగా తిరిగే హైడ్రాలిక్ పంపు ఉంటే దానిని విడదీశారా?

ఇవన్నీ చూశాక కూడా తిరగకపోతే లోపలికి వెళ్లాలి.

## 6. ముందు ఇంజెక్టర్లు బయటికి

నీరు నొక్కుకుపోదు. సిలిండరులో నీరు నిండి ఉండగా బలవంతంగా తిప్పితే పిస్టన్ నీటికి తగిలి ఆగుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్‌తో ఇంజన్ కొన్నాళ్లు నడిచినట్లే నడిచి, తరువాత బ్లాకును పగలగొట్టుకుని బయటికి రావచ్చు. ట్రాక్టరును మరో వాహనంతో లాగి స్టార్టు చేయాలని చూడటం కూడా ఇంతే ప్రమాదం.

ఇంజెక్టర్ల చుట్టూ శుభ్రం చేసి, అన్నిటినీ తీసి, ఏది ఏ సిలిండరుదో గుర్తు పెట్టండి. రంధ్రాల్లోకి వైరు కెమెరా దించి చూడండి. నీరు ఉంటే సన్నని గొట్టంతో పీల్చివేయండి. తరువాత రంధ్రాల మీద గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పిడి తగిలించి చేతితో మాత్రమే తిప్పే ప్రయత్నం చేయండి. నీరు చిమ్ముకుని వచ్చి ఇంజన్ స్వేచ్ఛగా తిరిగితే మీది పట్టేసిన ఇంజన్ కాదు, లోపలి లీకు. 4వ భాగానికి తిరిగి వెళ్లండి.

టప్పెట్ కవరు కూడా ఇప్పుడే విప్పండి. వాల్వు కాండాలు తుప్పు పట్టి కిందికి దిగిపోయిన చోట ఇరుక్కుంటాయి, ఇంజన్ తిప్పగానే పిస్టన్ వచ్చి వాటికి తగులుతుంది. ప్రతి వాల్వు చివరను ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తట్టినప్పుడు అది దిగి, స్ప్రింగు బలంతో తిరిగి పైకి రావాలి. రానిదానికి ఆయిల్ పోసి, మెల్లగా ఆడించి విడిపించిన తరువాతే క్రాంక్ తిప్పాలి.

## 7. కదలికను చదవడం

పుల్లీ మీద, దానికి ఎదురుగా బ్లాకు మీద సుద్దతో గీతలు పెట్టండి. పిడిని రెండు వైపులా మార్చి మార్చి నొక్కుతూ గీతలను చూడండి.

- కొంత దూరం హాయిగా తిరిగి, ప్రతిసారీ ఒకే చోట ఠక్కున ఆగుతుంది: ఇరుక్కున్న వాల్వు, లేదా సిలిండరులో పడిన నట్టు వంటి వస్తువు.
- వెంట్రుకవాసి కూడా కదలదు, ట్రాక్టరు నెలల తరబడి నిలిచి ఉంది: రింగులు బోరుకు తుప్పుతో అతుక్కున్నాయి.
- నడుస్తూ ఉండగా వేడెక్కి ఆగింది, చల్లారాక బరువుగా తిరుగుతుంది: పిస్టన్ బోరును గీసింది. తిరుగుతున్నది కదా అని స్టార్టు చేయకూడదు, హెడ్ విప్పి చూడాలి.
- ఆయిల్ ఒత్తిడి పడిపోయి, టకటక చప్పుడుతో ఆగింది: బేరింగు పట్టేసింది. 9వ భాగం చూడండి.

ఇంజెక్షన్ పంపు పట్టేసిన సందర్భాలు కూడా ఉంటాయి. దానిని బలవంతంగా తిప్పితే పంపు షాఫ్టో, టైమింగ్ గేరో విరుగుతుంది. అనుమానం ఉంటే టైమింగ్ గుర్తులు చూసుకుని పంపును విడదీసి, మళ్లీ క్రాంక్ తిప్పి చూడండి.

## 8. తుప్పుతో పట్టేసినప్పుడు

ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు) ఆయిల్, ఎసిటోన్ సమపాళ్లలో కలిపి ఇంజెక్టర్ రంధ్రాల్లోంచి ప్రతి సిలిండరులో పోయండి. ఎసిటోన్ సులువుగా అంటుకుంటుంది కాబట్టి నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట మాత్రమే ఈ పని చేయాలి. పోసింది పిస్టన్ తల మధ్యలోని గుంటలోనే ఆగిపోకుండా అంచుల దాకా చేరేంత పోయాలి. రంధ్రాలు గుడ్డతో మూసి, రోజుకు ఒకసారి మట్టం చూసి, తగ్గినచోట మళ్లీ పోస్తూ ఉండండి.

ఇక్కడ కావలసింది ఓర్పు. వారం పట్టవచ్చు, మూడు వారాలూ పట్టవచ్చు. రోజూ పిడిని రెండు వైపులా కొద్దికొద్దిగా నొక్కి వదలండి. గీత ఒక మిల్లీమీటరు జరిగినా అది విజయమే. వెంటనే అదే వైపు గట్టిగా లాగకుండా, వెనక్కు, ముందుకు ఆడిస్తూ కదలికను పెంచాలి. తుప్పు మీదికి రింగును ఒక్కసారిగా లాగితే రింగు విరుగుతుంది. పుల్లీ బోల్టు వదులయ్యే దిశలో బలం పెట్టవలసి వస్తే, సెల్ఫ్ మోటారు తీసిన చోటు నుంచి ఫ్లైవీల్ పళ్లకు కడ్డీ ఆనించి తిప్పడం మంచిది.

కదలకపోతే హెడ్ తీయాలి. బోల్టులను బిగించే వరుసకు తిరగదిశలో, బయటి నుంచి లోపలికి, రెండు మూడు విడతలుగా వదులు చేయండి. బోరు పైభాగంలో కనిపించే తుప్పును సన్నని ఎమరీతో తీసివేసి, బోరు కన్నా చిన్నదైన గట్టి కట్టె దిమ్మెను పిస్టన్ తల మీద నిలిపి, సుత్తితో దిమ్మె మీద తట్టండి. ఇనుమును నేరుగా పిస్టన్ మీద కొట్టకూడదు. పూర్తిగా పైన గాని, పూర్తిగా కింద గాని ఉన్న పిస్టన్‌ను కొట్టినా లాభం లేదు. అప్పుడు రాడ్, క్రాంక్ ఒకే గీతలో ఉంటాయి కనుక ఆ దెబ్బ క్రాంక్‌ను తిప్పదు, బేరింగు మీద పడుతుంది. సగంలో ఉన్న పిస్టన్‌ను ఎంచుకోండి.

తడి లైనర్లున్న ఇంజన్‌లో హెడ్ లేకుండా క్రాంక్ తిప్పితే పిస్టన్‌తో పాటు లైనరు కూడా పైకి లేచి, ఓ-రింగులు చెడిపోతాయి. హెడ్ బోల్టులకు మందపాటి వాషర్లు, గొట్టం ముక్కలు తొడిగి లైనరు అంచును ముందుగా నొక్కి పట్టాలి. ఎక్కువ మంది మరచిపోయేది ఇదే.

## 9. బేరింగు అనుమానం

సంప్ దించి అడుగున రేణువులు చూడండి. మెరిసే పలుచని పొరలు ఉంటే బేరింగు లోహం ఊడింది. కనెక్టింగ్ రాడ్ కింది మూతలను ఒక్కొక్కటిగా విప్పుతూ, ప్రతిసారీ క్రాంక్ తిప్పి చూడండి. ఏ మూత విప్పాక తిరిగిందో ఆ సిలిండరుదే దోషం. రాడ్‌ను, మూతను ఒకే అంకెతో, ఒకే వైపున గుర్తు పెట్టాలి. వాటిని తారుమారు చేయడానికి గాని, తిప్పి బిగించడానికి గాని వీలు లేదు. క్రాంక్ నీలి రంగుకు మారి ఉంటే గ్రైండింగుకు పంపవలసిందే.

## 10. విడిపించిన తరువాత మొదటి స్టార్టు

- సిలిండర్లలో మిగిలిన ద్రవాన్ని పూర్తిగా పీల్చివేయండి. అది మిగిలితే డీజిల్‌లాగే మండి, ఇంజన్ అదుపు తప్పుతుంది.
- పాత ఆయిల్, ఫిల్టరు తీసివేసి కొత్తవి వేయండి.
- చేతితో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పండి. అప్పుడే ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది.
- ఇంజెక్షన్ పంపు మీది స్టాప్ లివర్ హాయిగా కదులుతోందో లేదో చూడండి. పంపు లోపలి రాక్ (డీజిల్‌ను ఎక్కువ తక్కువ చేసే కడ్డీ) ఇరుక్కుని ఉంటే ఇంజన్ స్టార్టు కాగానే ఆగకుండా వేగం పుంజుకుంటుంది. ఎందుకైనా మంచిది, గాలి లోపలికి పోయే గొట్టాన్ని మూయడానికి సరిపడే చెక్కను ఒకరు చేతిలో పట్టుకుని నిలబడాలి.
- విప్పిన సెల్ఫ్ మోటారు, బెల్టు, హైడ్రాలిక్ పంపు తిరిగి బిగించి, కూలెంట్ నింపి, బ్యాటరీ తీగ కలపండి. ఇంజెక్టర్లు బిగించక ముందే, డీజిల్ ఆపి ఉంచి, ఆయిల్ ఒత్తిడి ముల్లు లేచే వరకు సెల్ఫ్ కొట్టండి.
- ఇంజెక్టర్ రంధ్రాల్లో గేజి బిగించి కంప్రెషన్ కొలిచి, ఆ తరువాతే ఇంజెక్టర్లు బిగించండి. అన్ని సిలిండర్ల అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువైతే అందులో కొద్దిగా ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లో లేదా గాస్కెట్‌లో ఉంది.

మొదటిసారి మెల్లని వేగంతో కొద్ది నిమిషాలు మాత్రమే నడిపి ఆపండి. వేడెక్కితే వెంటనే ఆపాలి, వేడి బ్లాకులో చల్లని నీరు పోయకూడదు, హెడ్ పగులుతుంది. చల్లారిన తరువాత రేడియేటర్ మట్టాన్ని గీత పెట్టిన పుల్లతో కొలిచి, ఆ రాత్రి ట్రాక్టరును కదిలించకుండా ఉంచి, ఉదయం డ్రెయిన్ బోల్టును చివరి మరల వరకు వదులు చేసి, కింద పడే మొదటి చుక్క నీరో ఆయిలో చూడండి.